మల్లేశం చిగుళ్లు

కోరుట్ల, మంగళవారం రాత్రి

దంతవైద్యం చదువుకునేటప్పుడు పుస్తకంలో బొమ్మగా మాత్రమే చూసిన చిగుళ్లు కుళ్లే జబ్బును నా అంతట నేనే గుర్తుపట్టాను! సంతోషంతో నిద్ర రావడం లేదు.

మొన్న శుక్రవారం సిరిసిల్ల నుంచి మల్లేశం అనే నేతకార్మికుడు భార్యతో వచ్చాడు. నోరు తెరవగానే భరించలేని వాసన. పళ్ల మధ్య చిగుళ్ల కొనలు కొరికేసినట్టున్నాయి. పైన బూడిదరంగు పొర, తాకితే నెత్తురు.

"పండ్లన్నీ పీకాల్నంటున్నరు మేడం," అని భార్య ఏడ్చింది.

"ఒక్కటి కూడా పీకను," అన్నాను. నీళ్లు కలిపిన పెరాక్సైడుతో మెల్లగా శుభ్రం చేసి, మెట్రోనిడజోల్ మాత్రలు ఇచ్చాను. బీడీలు మానమన్నాను.

ఈరోజు ఇద్దరూ మళ్లీ వచ్చారు. వాసన లేదు, నెత్తురు లేదు. "పొద్దుగాల రొట్టె నమిలిన మేడం!" అని నవ్వాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

తిండి, నిద్ర సరిగ్గా లేనివాళ్లకు ఇది ఎక్కువగా వస్తుందని చెప్పి, రాత్రిళ్లు సరిగ్గా నిద్రపోతున్నాడా అని అడిగాను.

"యాడ నిద్ర మేడం, మా మరిది అన్నలల్ల కలిసి అడవికి పోయిండు. పోలీసోళ్లు రోజూ ఇంటికస్తున్నరు," అంది భార్య మెల్లగా.

వచ్చే శుక్రవారం మళ్లీ రమ్మన్నాను.

"అప్పటిదాంక నన్ను పట్కపోకుంటె అస్త మేడం," అన్నాడు మల్లేశం.