మంగళవారం లేవని బోర్డులు

నవంబర్ 5, బుధవారం

మా బాస్ లక్ష్మీకాంత్ గారు అబద్ధం రాశారు. కంపెనీ లెటర్‌హెడ్ మీద, కింద సంతకం పెట్టి మరీ రాశారు. బోర్డులు బూట్ కాకపోవడానికి కారణం ఆపరేటర్ తప్పిదమట.

ఆ ఆపరేటర్‌కి పేరుంది. పరుశురాం మామ. ఈ ఊళ్లో ఉన్ అనే పేటలో మా గల్లీయే. మా నాన్నతో పాటు సిరిసిల్ల నుంచి వచ్చి ఇన్నేళ్లూ సాంచల మీదే, అంటే మరమగ్గాల మీదే నిలబడ్డ మనిషి. దారం తెగితే సాంచను ఆపే బోర్డులు మేం చేస్తాం. ఆయన షెడ్‌కి సోమవారం సెలవు. నిన్న మంగళవారం పొద్దున ఆయన సాంచల మీద బోర్డులు ఎర్ర లైటు వేసుకుని అలాగే ఉండిపోయాయి. దీపావళి ముందు కూడా ఇంతే. షెడ్ యజమాని శేఠ్ మా కాగితం చూసి, సంగతి తేలేదాకా మామని పనిలోకి రావొద్దన్నాడు.

కొత్త చిప్ వేసిన బ్యాచ్ మొత్తం ఆయన సాంచలకే బిగించారు కదా సార్, చిప్ మారిందని ఎందుకు రాయలేదు అని అడిగాను. ఏమ్మా కోమలీ, పాతది దొరక్కే కదా ఇది వేసింది, పిన్ టు పిన్ సేమ్, కోడ్ పదేళ్లుగా నడుస్తున్నది, మన టేబుల్ మీద బ్రహ్మాండంగా లేస్తుంటే అక్కడ లేవకపోతే తప్పెవరిది అన్నారు. అరిచాను. ఆఫీసంతా తిరిగి చూసింది. చూడనీ.

స్టేషన్ దగ్గర పంచిన కార్మిక సంఘం కరపత్రాలు బ్యాగులో ఎప్పుడూ ఉంటాయి. మెట్ల మీద కూర్చుని ఒకటి తీశాను. పనివాడి పక్కన నిలబడమని ఉంది. ఎలా నిలబడాలో ఏ కరపత్రంలోనూ లేదు.

నవంబర్ 6

షెడ్ నుంచి తిరిగొచ్చిన బోర్డుని పొద్దున్నుంచి రీబూట్ చేస్తూనే ఉన్నాను. ప్రతిసారీ లేస్తోంది, దొంగమొహంది.

నవంబర్ 8, శనివారం

పరుశురాం మామ ఇంటికెళ్లాను. కోపంగా ఉంటాడనుకున్నాను. కోపంగా లేడు. నేనే ఏదన్నా తప్పు ఒత్తిననేమో బిడ్డా, గంత సదువుకున్నోళ్లు ఉత్తగనే రాస్తరా అన్నాడు. నా ఒళ్లు మండిపోయింది. ఎల్లవ్వ అత్త పొయ్యి దగ్గర్నుంచే అందుకుంది. అయిదు రోజుల సంది ఇంట్ల కూసొని నాకు వంట నేర్పుతుండు, జర జల్ది పనికి తోలు బిడ్డా, లేకుంటె నేనే సాంచ మీదికి పోత, గాయిన ఈడ వంట జేస్తడు అంది. మామ నవ్వాడు. అత్త నవ్వలేదు.

నవంబర్ 11, మంగళవారం

దొంగ దొరికింది.

పొద్దున ఏడింటికి షెడ్‌లో ఉన్నాను. మామ సాంచల మీద వేరే మనిషి. సెలవు తర్వాత రోజు కాబట్టి అగరుబత్తి, కొబ్బరికాయ. మూఢనమ్మకాల మీద నా లోపల ఉపన్యాసం సిద్ధమవుతోంది. కొబ్బరికాయ పగిలింది. షెడ్ మాస్టర్ చాలూ కరో, మొదలెట్టండి అని కేక వేశాడు. అందరూ ఒకేసారి స్విచ్ నొక్కారు. ట్యూబ్‌లైట్లు ఒక్క క్షణం పసుపెక్కి తేరుకున్నాయి.

ఎర్ర లైట్లు. మళ్లీ మామ సాంచల మీదే. మామ లేకుండానే!

మిగతా రోజుల్లో ఎవరి సాంచ వాళ్లు వచ్చినప్పుడు వేసుకుంటారు. మంగళవారం ఒక్కరోజే అందరూ కలిసి వేస్తారు. కరెంటు కుంగుతుంది.

ఇంకొకటి. చెడిన బోర్డు ఆఫీసుకొస్తే ముందు ప్రోగ్రామ్ కొత్తగా ఎక్కించి, ఆ తర్వాతే పరీక్షిస్తాం. అదే మా అలవాటు. దొంగ కాలిముద్రలు ఊడ్చేసి దొంగ ఎవరని వెతకడమే కదా ఇది! ఈ రోజు ఎక్కించనివ్వలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాను. చిప్ మెమరీలో సెట్టింగ్స్ ఉండే పేజీ సగం చెత్త. మా కోడ్ లేవగానే ఆ పేజీని చెరిపి మళ్లీ రాస్తుంది. కరెంటు కుంగితే పాత చిప్ తనంతట తనే ఆగేది. కొత్త చిప్‌కి ఆ కాపలా మనమే పెట్టాలి. ఎవరూ పెట్టలేదు. అది సగం నిద్రలోనే రాసేస్తోంది.

శేఠ్‌తో చెప్పాను. తప్పు అతనిదని మీ కంపెనీయే రాసిచ్చింది కదా, ముందు మీరు మీరు తేల్చుకోండి అన్నాడు.

నవంబర్ 12

లక్ష్మీకాంత్ గారు అంతా విన్నారు. అయితే ఒకరి తర్వాత ఒకరు ఆన్ చేయమని గోడ మీద కాగితం అంటించమ్మా, అయిపోతుంది అన్నారు. వారమంతా ఎవరి సాంచ వాళ్లదే, అందరూ కలిసేది ఆ ఒక్క క్షణమే సార్, మన బోర్డు కోసం అదీ మానుకోవాలా అన్నాను. ఆయన నా స్క్రీన్ తనవైపు తిప్పుకున్నారు. తర్వాత, ఆ కోడ్ రాసింది నేనేనమ్మా అన్నారు. హజీరా ఫ్యాక్టరీలో ఉద్యోగం వదిలేసి ఆయన రాసిన మొదటి కోడ్ అట.

నవంబర్ 13

కాపలా పెట్టాను. కొత్త చిప్ లేచింది. గర్వంగా అదే ఫైలు పాత చిప్ బోర్డులోకీ ఎక్కించాను. చచ్చింది. ఇక ఎప్పటికీ తెరుచుకోదు. కొత్తదాంట్లో కాపలా ఉండే చిరునామాలోనే పాతదాంట్లో తాళం ఉందట. నేనే వేసేశాను.

తిడతారనుకున్నాను. లక్ష్మీకాంత్ గారు పడీపడీ నవ్వారు. ఎవరిల్లో అడక్కుండా దూరి తలుపేసుకున్నావు కదమ్మా అన్నారు. కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. షెడ్‌లో రెండు రకాల బోర్డులూ ఉన్నాయి కాబట్టి, లేవగానే నువ్వు ఏ చిప్‌వి అని కోడ్ ముందు అడగాలి. దానికి తగ్గ కాపలా పెట్టాలి. కరెంటు నిలబడేదాకా ఆగాలి. ఆ తర్వాతే పేజీ జోలికి వెళ్లాలి. సాయంత్రానికి రాసేశాం. ఇద్దరం.

నవంబర్ 15

కింది వెల్డింగ్ షాపు గ్రైండర్‌ని మా లైనుకే కలిపి, ఆపుతూ వేస్తూ కరెంటు కుంగేలా చేశాం. పాత కోడ్ మూడోసారికే పడిపోయింది. కొత్తది పడలేదు. గ్రైండర్ వాడు విసుగెత్తి, క్యా మేడం, బిజలీ కో క్యోఁ సతా రహే హో అన్నాడు. కరెంటుని ఎందుకు సతాయిస్తున్నారని.

తప్పు మాదేనని శేఠ్‌కి రాయాల్సిన ఉత్తరం సంగతి లక్ష్మీకాంత్ గారి దగ్గర ఎత్తాను. మంగళవారం గడవనీ, అప్పుడు రాస్తాను, కంపెనీ పేరమ్మా అన్నారు. మామ పేరుకి మాత్రం మంగళవారం దాకా ఆగలేదు కదా సార్ అన్నాను. ఈసారి నేను అరవలేదు. ఆయన గదిలోకెళ్లి తలుపేసుకున్నారు. బయటికొచ్చి కాగితం నా చేతిలో పెట్టారు. తప్పు మాదే, పరుశురాంది కాదు అని రెండే వాక్యాలు.

నవంబర్ 16

శేఠ్ చదివాడు. మంగళవారం అన్నీ లేస్తే మామనే మళ్లీ సాంచల మీద నిలబెడతానన్నాడు. మామకి భయం. లేవకుంటె మల్ల నన్నే అంటరు బిడ్డా, నేను స్విచ్ ఒత్తనే ఒత్తను అంటాడు. గట్లయితే నేనొచ్చి ఒత్తుత, గప్పుడేమంటరో చూస్త అంది అత్త.

నవంబర్ 17, సోమవారం

మూసిన షెడ్‌లో అన్ని బోర్డులకూ కొత్త కోడ్ ఎక్కించాం. స్టూలు పట్టుకున్నది లక్ష్మీకాంత్ గారే.

స్విచ్ ఒత్తనన్న మామ, చెయ్యి ఎత్తడానికి మాత్రం ఒప్పుకున్నాడు. గల్లీ గ్రూపులో నేను పెట్టిన మెసేజ్:

రేపు పొద్దున ఏడు గంటలకు అందరూ షెడ్ గేటు దగ్గరికి రండి. ముందు ఎవరూ సాంచ వేయొద్దు. మెయిన్ స్విచ్ దగ్గర పరుశురాం మామ ఉంటాడు. ఆయన చెయ్యి ఎత్తగానే అందరం ఒక్కసారే వేద్దాం.