కనుగొన్న తేదీ

కాన్‌బెర్రా,
భస్మ బుధవారం.

చిరంజీవి ఫిలిప్పాకు,

మట్టినుండి వచ్చినవారం మట్టిలోనే కలుస్తామని నుదుట బూడిద దిద్దించుకునే దినమిది. దాచినదానిని దేవుని ఎదుట పెట్టడానికి పూర్వులు ఏర్పరచిన దినం. అందుకే ఈ రోజు వ్రాస్తున్నాను. మేమిద్దరం కులాసా. మీ అమ్మ ప్లమ్ పళ్ల జామ్ కాస్తోంది. సగం పళ్లు కాకటూ చిలుకలు కొరికి పారేశాయి. "నీ లాటిన్ పద్యాలు కాసేపు పక్కన పెట్టి వల కట్టుంటే బతికిపోయేవి" అని దెప్పుతోంది.

నా మోకాలి సంగతి అడిగావు. నెమ్మదించింది. ఇక రెండవ ప్రశ్న. కంప్యూటర్ల మధ్య సందేశాలకు తాళం వేసే ప్రోగ్రామును పదకొండేళ్లుగా జీతం లేకుండా నడుపుతున్నావు. లోకమంతా దానిని ఉచితంగా వాడుకుంటోంది. ఇప్పుడు అందులోని లోపాన్ని సరిచేస్తూ, నేను పనిచేసి విరమించిన నిఘా కార్యాలయమే బహిరంగంగా కోడ్ పంపింది. నమ్మవచ్చునా అన్నావు. నమ్మవచ్చు. ప్రతి పంక్తీ చదివాను, అందులో కపటం లేదు.

ఆ లోపం గుండా దొంగలు చొరబడి మీ ఊరి ఆసుపత్రిని మూడు రోజులు స్తంభింపజేశారనీ, తప్పు నీదే గనుక ఈ పని మానుకుంటాననీ వ్రాశావు. ఆ వాక్యం దగ్గర ఆగిపోయాను.

అమ్మా, ఆ లోపాన్ని ఆరేళ్ల కిందట నేను కనుగొన్నాను. నీ ప్రోగ్రామును పరిశీలించే పని నాకే అప్పగించారు. మా అధికారి కీటింగ్ నా నివేదిక చూసి, "ట్రెలోర్, ఇది మీ అమ్మాయిది కదూ?" అన్నాడు.

"అవును."

"అయితే ఆదివారం భోజనాల దగ్గర నోరు జారకండి. ఈ కన్నంలోంచి మనం చదవాల్సిన సందేశాలున్నాయి."

"ఎన్నాళ్లు?"

"ఇంకెవడో కనిపెట్టేదాకా."

బయట చెప్పనని సంతకం చేసి ఇంటికి వచ్చాను. ఆ ఆదివారం నువ్వు గొర్రె మాంసం కోస్తూ, "నాన్నా, నా కోడ్ చూశావా? నువ్వు ఒక్క తప్పైనా పట్టకపోతే నాకు తిండి సహించదు" అన్నావు. "బాగుంది" అన్నాను. నువ్వు ఇంకొంచెం పుదీనా సాస్ వేసుకున్నావు. నాకేమీ అనిపించలేదు. ఇప్పటికీ అనిపించడం లేదు. కీర్తనలు చదివేటప్పుడు పెదవులు మాత్రం కదులుతున్నాయి. దీనిని పశ్చాత్తాపమని పిలవలేను.

చివరికి ఆ ఇంకెవడో కనిపెట్టాడు, మీ ఆసుపత్రిలో చొరబడ్డాడు. అందుకే సవరణ వచ్చింది.

మీ ఆచారం ప్రకారం ప్రతి సవరణ కిందా లోపాన్ని కనుగొన్నవారి పేరూ, తేదీ ఉంటాయి. కార్యాలయం అక్కడ తన పేరూ, గత నెల తేదీ వేసింది. సవరణను స్వీకరించు, ఆ పంక్తిని కొట్టివేయి. నా పేరు వ్రాసి, ఆరేళ్ల కిందటి ఆగస్టు పద్నాలుగు వేయి. తప్పు వ్రాసింది నువ్వే. ఆసుపత్రి మూతపడిన ఆ మూడు రోజులు మాత్రం నావి. పని మానవద్దు.

రహస్య ప్రమాణం మీరినందుకు వాళ్లు ఇంటికి వస్తారు. నిన్న మీ అమ్మకు చెప్పాను. ఆమె గరిటె తిప్పడం ఆపలేదు. "ముందు దానికి ఉత్తరం వెయ్యి. వచ్చినవాళ్లకి టీ ఇస్తాలే. నీకు మాత్రం ఇవ్వను" అంది.

నీ తరువాత ఆ కోడ్‌ను చదవబోయే, మనం ముఖమెరుగని బిడ్డలకు, తప్పు చూసిననాడే చూశామని చెప్పగల నోరు కలుగుగాక. వారు అడిగినప్పుడు నిజం చెప్పే తండ్రులు వారికి దొరుకుదురుగాక.

ఇట్లు,
ఆరేళ్లు ఆలస్యంగా బదులిస్తున్న
మీ నాన్న,
ఎడ్మండ్ ట్రెలోర్