కొత్త ఇంటి గుర్తు

2 మార్చి 1968, బోధన్

చిట్టవ్వా, కుట్టుమిషన్లమ్మే అతను ఈ రోజూ వచ్చాడు. సైకిలుకు స్టాండు వేస్తూనే లోపలికి తొంగిచూసి— "రూతమ్మ గారున్నరా?"

నువ్వు పోయిన వానాకాలమే చనిపోయావని అతనికి తెలుసు. తెలిసే అడుగుతాడు. నీ పేరు వింటే నేను తలుపు దగ్గరే ఆగిపోతాను. అప్పుడు తను మాట్లాడొచ్చు.

"బిడ్డ పేరు మీద ఒక కుట్టుమిషను పెట్టుకోండ్రమ్మా. వాయిదాల మీద ఇస్త. మిషను తిరిగినప్పుడల్ల బిడ్డ ఇంట్ల ఉన్నట్టే ఉంటది."

తలుపు వేసేశాను. పొయ్యి మీద అన్నం మాడింది.

3 మార్చి

పత్రికల్లో కూపన్లు కత్తిరించి, పేరూ అడ్రసూ రాసి పంపేదానివి. సబ్బు ఊరికే వస్తుందని, అల్లికల పుస్తకం వస్తుందని. నీ పేరు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పోయింది. నువ్వు లేవన్న మాట మాత్రం ఎవరికీ పోలేదు. టానిక్కుల వాళ్లు ఇంకా పార్శిళ్లు పంపుతూనే ఉన్నారు, డబ్బు కట్టి విడిపించుకోమని.

మిషన్లతనికి నీ సంగతి మన చర్చి గుడిలోనే తెలిసింది. పాస్టరు అయ్యగారు మన క్వార్టరు గుర్తు చెప్పి, ఆ ఇంటి కోసం ప్రార్థన చేయమన్నారు. వెనక వరసలో కూర్చుని విన్నాడు. వారం తిరగకముందే వాకిట్లో ఉన్నాడు.

9 మార్చి

ఫ్యాక్టరీలో మీ బాపు నౌకరీ అయిపోయింది. నెలాఖరుకు క్వార్టరు ఖాళీ చేయాలి. నిజామాబాదులో ఇల్లు కుదిరింది.

ఆ ఇంటికి నీ పేరు పట్టుకుని అమ్మేవాడెవడూ రాకూడదు. అంతే. ఇంకేమీ వద్దు నాకు.

20 మార్చి

పోస్టాఫీసుకు పోయాను. కొత్త అడ్రసు మీ బాపు పేరు మీద వచ్చే ఉత్తరాలకే ఇచ్చాను.

"మరి రూతమ్మ పేరు మీద వచ్చేటియి?"

"పంపినోళ్లకే తిప్పి పంపు. మనిషి లేదని రాయి."

అన్నాను. నా నోటితోనే అన్నాను. బయటికొచ్చి మెట్ల మీద కూలబడ్డాను... అయినా అన్నాను కదా.

29 మార్చి

సామాను లారీ ఎక్కింది. చూస్తే మీ బాపు తలుపు మీద చాక్‌పీసుతో రాస్తున్నాడు. క్వార్టర్లు వదిలే వాళ్లందరూ రాసిపోతారుగా— ఏ ఊరు, ఏ గల్లీ, ఎవరి ఇంటి పక్కన అని, వెతుక్కుంటూ వచ్చే చుట్టాల కోసం. పెద్ద పెద్ద అక్షరాలు. గల్లీ పేరు దాకా రాసేశాడు.

"ఏం జేస్తున్నవ్?"

"అందరు రాస్తలేరా? మనమేమన్న దొంగలమా, చెప్పకుంట పోనీకి?"

"సుట్టాలకు నేను నోటితోని చెప్త. గా రాత తుడువు."

తుడవలేదు. తడిగుడ్డ తెచ్చి నేనే తుడిచాను. తలుపంతా తెల్లగా పులుముకుపోయింది. మళ్లీ తుడిచాను.

లారీ జానకంపేట దాటింది. అప్పుడన్నాడు మీ బాపు— "మంచిగనే చేసినవ్‌లే."

6 ఏప్రిల్, నిజామాబాదు

కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకోవాలి. ఇక్కడి అయ్యగారు రేపు మట్టల ఆదివారం గుడిలో అందరికీ చెబుతానన్నారు. వాళ్లింటికి పోయి అడ్డం పడ్డాను.

"ఇంటి గుర్తు చెప్పకుండ్రి అయ్యగారు. రావాల్సినోళ్లను నేనే పోయి పిలుస్త."

"ప్రార్థనకు గూడ పరదానా ఏందమ్మా?"

"ప్రార్థనకు గాదు. మిషన్లమ్మేటోనికి."

నవ్వారు. సంగతంతా చెప్పాక నవ్వలేదు.

7 ఏప్రిల్

"కొత్తగా వచ్చిన ఒక తల్లి ఇంట్లో ప్రార్థన" అన్నారు గుడిలో అయ్యగారు. అంతే. నా వైపు కూడా చూడలేదు.

18 ఏప్రిల్

గెలిచాను చిట్టవ్వా.

పక్కింటి గంగవ్వ వాకిట్లో పసుపు ఎండబోసుకుంటోంది. వచ్చిన రోజే ఆమెకు అన్నీ చెప్పి పెట్టాను. నేను కిటికీ చాటున. అదే సైకిలు... మీ బాపే ఫ్యాక్టరీ దోస్తుకు గల్లీ పేరు చెప్పాడట, అక్కణ్ణుంచి ఇతనికి చేరింది. ఇల్లు చెప్పలేదట, అదే మేలు.

"బోధన్ నుంచి కొత్తగ వచ్చినోళ్లు ఏ ఇంట్ల ఉంటరవ్వా?"

"ఎవలు గావాలె నీకు?"

"రూతమ్మ అని..."

"ఆ పిల్ల నీకేమైతది?"

"ఏం గాదు. జర పనుండె."

"ఏం గానోనికి ఆడపిల్ల ఇల్లెందుకయ్యా? మా గల్లీల మొగోళ్లున్నరు, పిలుద్దునా? ముందుగాల నీ సైకిల్ జరుపు, పసుపు మీద పడ్తది."

జరిపాడు. వెనక్కి తిప్పుకున్నాడు. గల్లీ మలుపు దాటేదాకా కళ్లారా చూశాను. అతను అడిగింది నీ పేరే— కానీ ఈసారి నేను ఆగిపోలేదు, తలుపు తీసుకుని బయటికొచ్చాను. గంగవ్వా నేనూ పసుపు పక్కనే కూలబడి నవ్వాము. మీ బాపు లోపలి నుంచి వచ్చి— "ఎవలది గా నవ్వు?"

2 మే

ఎవరూ రాలేదు. పార్శిలూ లేదు. తలుపు తీసిపెట్టే వండుతున్నాను.

11 మే

నల్లా దగ్గర కొత్తావిడ అడిగింది. "పిల్లలెంతమంది అక్కా?"

"ఒక బిడ్డ."

"ఏడుంటది?"

బిందె సగమే నిండింది. ఎత్తుకుని వచ్చేశాను. రేపూ కలుస్తుంది, ఎల్లుండీ కలుస్తుంది. చెబితే నీ పేరు మళ్లీ వాకిలి దాటుతుంది. చెప్పకపోతే ఈ గల్లీలో నువ్వు పుట్టనే లేదు... ఏం చెప్పాలో తేలడం లేదు.

మామిడికాయ పప్పు చేశాను. కడుపునిండ తిను బిడ్డా.