ముందు సీటు

ముకైనద, అక్టోబరు

ప్రియమైన కినుయోకి,

ఈ ఏడు ఎండలు ఆలస్యంగా వెళ్ళాయి, నీ ఉత్తరం మాత్రం తొందరగా వచ్చింది. ఋతువు ఊసెత్తకుండా ఉత్తరం మొదలుపెడితే మన పాత పంతులమ్మ సమాధిలోంచి లేచి వస్తుంది కనుక ఆ వాక్యం రాశాను. ఇక విషయం.

డెబ్భై మూడేళ్ళదానివి, మోకాళ్ళకు పట్టీలు వేసుకునేదానివి, నేలను రాసుకుంటూ పోయే స్పోర్ట్స్ కారు కొంటానంటున్నావు. అందులోనూ రోటరీ ఇంజిన్‌ది. అందులోనూ సెకండ్ హ్యాండ్‌ది. అందులో కూర్చోవడం తేలికే, లేవడానికి ఓడరేవు నుంచి క్రేను తెప్పించాలి. మీ ఆయన పోయినప్పుడు నువ్వు కుంగిపోతావేమోనని భయపడ్డాను. అనవసరంగా భయపడ్డాను.

కొనేముందు చూసిపెట్టడానికి మా ఆయనను ఆదివారాలు పంపమన్నావు. తకేజో రిటైరయ్యే దాకా ఇక్కడి కార్ల ఫ్యాక్టరీలో రోటరీ ఇంజిన్లు బిగించిన మాట నిజమే. ఆ ఇంజిన్ కడుపులో తిరిగే ఇనప ముక్క అచ్చం మన త్రికోణపు అన్నం ముద్దలా ఉంటుంది. అలాంటివి వేలకు వేలు బిగించిన మనిషి, ఇంట్లో ఒక్కనాడైనా అన్నం ముద్ద చుట్టిన పాపాన పోలేదు.

ఇంకో సంగతి కూడా నీకు తెలియాలి. పోయిన ఏడాది తోఫు కొట్టు గోడకు కారు గీరుకున్నాక, నేనే పట్టుబట్టి ఆయన చేత లైసెన్సు పోలీసులకు తిరిగి ఇప్పించాను. అప్పటినుంచి మా ఇంట్లో రిఫ్రిజిరేటర్ చేసే చప్పుడు ఆయన కన్నా ఎక్కువ. నీ సంగతి చెప్పగానే మాత్రం, "కినుయో గారికి ఎప్పుడు వీలవుతుందట?" అన్నాడు. ఏడాదిలో ఆయన నోట విన్న అతి పెద్ద వాక్యం అది.

సరే, తీసుకువెళ్ళు. చీకటి పడేలోగా తిరిగి అప్పగించు. గీతలు పడకుండా.

నీ చిన్ననాటి నేస్తం,
మిసావో

*

కురహాషి దీవి, అక్టోబరు చివర

ప్రియమైన మిసావోకి,

నారింజలు పండడం మొదలైంది, ఒక బుట్ట పంపుతున్నాను. మీ ఆయనకు అద్దె అనుకో.

కారు దొరికింది! పసుపుపచ్చది. సాయిజోలో ఒక సెకండ్ హ్యాండ్ కార్ల కొట్టులో, వెనక వరసలో, దుమ్ము కప్పుకుని ఉంది. కొట్టువాడు నన్ను చూసి, "బామ్మగారూ, మనవడి కోసమా?" అన్నాడు. మీ ఆయన వెంటనే, "మనవడికి ఇంకా అంత వయసు రాలేదు, బామ్మగారికే" అన్నాడు. నేను పడీ పడీ నవ్వాను. నాకు మనవడే లేడు కదా!

తర్వాత మీ ఆయనను చూసి తీరాలి మిసావో. ఇంజిన్ స్టార్ట్ చేయించి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. కొట్టువాడు "చాలా బాగా నడుస్తుందండీ" అంటుంటే, "నువ్వు కాసేపు ఊరుకో నాయనా, దాన్ని మాట్లాడనీ" అన్నాడు. బాగా వేడెక్కనిచ్చి, ఆపించి, మళ్ళీ స్టార్ట్ చేయించాడు. ఇంజిన్ లోపలి ఒత్తిడి, అదే కంప్రెషన్, కొలిపించాడు. "ఊపిరి బలంగానే ఉంది, కొనుక్కోండి" అన్నాడు.

నాకు నేర్పిన మొదటి పాఠం: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు నాలుగు అడుగులు కదిపి ఆపెయ్యకూడదు. లోపల పెట్రోలు ముంచేసి, ఇక స్టార్ట్ కాదు. "మిగతావన్నీ మరచినా ఇది మరవకండి" అన్నాడు. తిరిగి వస్తూ కురెలో ఈల్ చేప అన్నం తిన్నాం. దారి పొడవునా గురువుగారు చెబుతూనే ఉన్నారు. మీ ఆయన అంత మాటకారి అని నాకెందుకు చెప్పలేదు?

నీ
కినుయో

*

ముకైనద, నవంబరు

ప్రియమైన (ప్రస్తుతానికి) కినుయోకి,

నారింజలు పుల్లగా ఉన్నాయి. లేక నా నోరే అలా ఉందేమో.

మాటకారా? ఎవరు? ఈల్ చేపతో అన్నం తిని, దారి పొడవునా మాట్లాడిన ఆ పెద్దమనిషి ఎవరో నాకు తెలియదు. మా ఇంటికి తిరిగి వచ్చినవాడు, "ఈల్ చేప ఎలా ఉంది?" అంటే "ఊఁ" అన్నాడు. వరసగా నాలుగు ఆదివారాలు నువ్వు తీసుకువెళ్ళావు. మిగతా ఆరు రోజులూ మనసంతా అక్కడే, నా దగ్గర ఉన్నది ఆయన చెప్పులు మాత్రమే.

శనివారాలు గెడ్డం రెండుసార్లు గీసుకుంటున్నాడు. పెళ్ళిళ్ళకు దాచుకున్న స్వెట్టరు బయటికి తీశాడు. నిన్న అన్నం తింటూ ఉన్నట్టుండి, "కినుయో గారిది మంచి చెవి. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజిన్ చప్పుడు విని పట్టేస్తుంది" అన్నాడు. ఇన్నేళ్ళ కాపురంలో నా చెవి సంగతి ఆయన ఒక్కసారే ఎత్తాడు, నాకు చెముడు వస్తోందని. మా మనవరాలు హొనోకా పక్కనే ఉంది. "బామ్మా, మొహం చూడు, కుళ్ళుకుంటున్నావు!" అంది. "ముల్లంగి పచ్చడి మరీ పుల్లగా ఉందే" అన్నాను. "పచ్చడి ఇంకా వడ్డించలేదుగా" అంది. పిల్లల్ని చదివించకూడదు.

ఒప్పుకుంటున్నాను, కుళ్ళుకుంటున్నాను. నువ్వు ఆయనను ఎత్తుకుపోతావని కాదు, ఎత్తుకుపోతే ముల్లంగి పచ్చడి కోసం రెండో రోజుకే తిరిగి వస్తాడు. నేను మూయించిన నోటిని నువ్వు తెరిపించావు. అదీ నా మంట.

మియోషి కొండల్లో రోటరీ కార్లవాళ్ళంతా కలుస్తారట కదా, వచ్చే ఆదివారం. పొద్దున్నే బయల్దేరాలంటే దీవి నుంచి కష్టం. శనివారమే వచ్చి మా ఇంట్లో పడుకో. కారు పెరట్లో పెట్టుకో. నాకు చోటు లేని ఆ కారును నేను కూడా ఒకసారి చూడాలి. వెనక సీటు ఉందా అని ఆయనను అడిగితే, "పిల్లికైతే సరిపోతుంది" అన్నాడు.

ఓయిస్టర్ల కూర చేస్తాను. విషం కలపను.

మిసావో

*

కురహాషి, ఆదివారం సాయంత్రం

ప్రియమైన మిసావోకి,

కూర బాగుంది. విషం కలపలేదు, నిజమే. దానికి వేరే దారి చూసుకున్నావు.

ఇంటికి చేరి, ఇంకా కోపం చల్లారకుండా రాస్తున్నాను. శనివారం కారును మీ పెర్సిమన్ పండ్ల చెట్టు కింద పెట్టాను, తాళంచెవి మీ గుమ్మం పక్క మేకుకు తగిలించాను. పొద్దున్న ఎంత తిప్పినా స్టార్ట్ కాలేదు. తలుపు తీసి చూస్తే ముక్కుపుటాలు అదిరేలా పెట్రోలు వాసన. దిగి చూశాను. నేల నిండా ఎర్రటి ఆకులు రాలి ఉన్నాయి. కారంత ఖాళీ చోటు మాత్రం శుభ్రంగా ఉంది. కానీ కారు అందులో లేదు! రెండు బారలు ముందుకు, గేటు దగ్గర ఉంది.

ఎవరో చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, కదిపి, ఆపేశారు. దాన్ని చంపే ఉపాయం అదే. ఆ ఉపాయం దారిన పోయేవాడికి తెలియదు, రోటరీ ఇంట్లోవాళ్ళకే తెలుస్తుంది.

మీ ఆయన నా వైపు చూడకుండా ఇంజిన్ మీదకు వంగాడు. మొహం సున్నం కొట్టినట్టు ఉంది. ప్లగ్గులు ఊడదీసి, తుడిచి, ఆరబెట్టి మళ్ళీ బిగించాడు. కారు స్టార్ట్ అయ్యేసరికి మధ్యాహ్నం. మియోషిలో అందరూ ఇళ్ళకు పోయి ఉంటారు. నేను బయల్దేరుతుంటే గేటు దాకా కూడా రాలేదాయన.

నన్ను ఏమన్నా పడతాను. ఆ మనిషి పది రోజులుగా ఆ సమావేశం కోసమే ఎదురుచూశాడు. అడుగుతున్నాను, సూటిగా చెప్పు. నువ్వేనా?

కినుయో

*

ముకైనద, నవంబరు చివర

ప్రియమైన కినుయోకి,

నేనే.

తెల్లవారుతుండగా లేచాను. వంటింటి కిటికీలోంచి ఆ పసుపుపచ్చ వస్తువు నా పెరట్లో నిద్రపోతూ కనిపించింది. నా చెట్టు కింద, నాకన్నా దర్జాగా. మేకుకు ఉన్న తాళంచెవి తీసుకుని వెళ్ళాను. రెండు బారలు కదిపాను, ఆపాను. ఏమవుతుందో తెలిసే చేశాను, ఆయన భార్యను కదా. కుళ్ళు అని నేనే రాసి ఇచ్చాను, ఇంకేం సాక్ష్యం కావాలి?

తిట్టదలిస్తే నన్ను తిట్టు. ఆయనను మాత్రం దీని గురించి ఏమీ అడగకు. నా వల్ల నీ ముందు తలెత్తుకోలేకపోతున్నాడు. ఇప్పుడు బొత్తిగా నోరు మూశాడు. స్వెట్టరు మళ్ళీ పెట్టెలోకి పోయింది. ఆదివారాలు ఇక రానంటున్నాడు, ఒంట్లో నలతగా ఉందని చెప్పమన్నాడు. నలతేమీ లేదు, నాకు తెలుసు. నువ్వే ఏదో ఒకటి చెప్పి రప్పించు. బతిమాలుతున్నాను. బతిమాలడం నాకు అలవాటు లేదు, ఈ వాక్యం రాయడానికి రెండు కాగితాలు చింపాను.

మిసావో

*

కురహాషి, డిసెంబరు

ప్రియమైన అబద్ధాలకోరు మిసావోకి,

నీ ఉత్తరం పట్టుకుని కారులో కూర్చుని చదువుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది.

ఆ ఆదివారం పొద్దున్న కారెక్కినప్పుడు నా కాలు క్లచ్‌కు అందలేదు. కోపంలో, తొందరలో సీటు ముందుకు లాక్కున్నాను, ఎందుకని ఆలోచించలేదు. శనివారం నేను దిగినప్పుడు సీటు నా కొలతకే ఉంది. నువ్వు నాకన్నా జానెడు పొట్టి. బళ్ళో మొదటి వరసలో నిలబెట్టేవారు నిన్ను, మరిచావా? సీటు అంత వెనక్కి జరుపుకుని నువ్వు కారు కదిపావంటే, పెడల్స్‌ను నాలుకతో తొక్కావా? అంత పొడుగు నాలుక నీకు ఉంది, నిజమే. కానీ నమ్మను.

పొడుగు కాళ్ళవాడు ఆ ఇంట్లో ఒక్కడే.

నాకంతా అర్థమైంది. లైసెన్సు లేదు, గేటు దాటకూడదు. పెరట్లో రెండు బారలైతే ఎవరూ ఏమీ అనరు. గేటు రాగానే ఆపేసి ఉంటాడు. నాకు మొట్టమొదట నేర్పిన పాఠం ఆయనే మరిచాడు. ఆ సంగతి నాకు తెలిస్తే చచ్చిపోయేంత సిగ్గు ఆయనకు. అందుకని నువ్వు మీద వేసుకున్నావు.

నిజం చెప్పనా? నన్ను చూసి నువ్వు కుళ్ళుకుంటున్నావని ఉత్తరాల నిండా రాశావు. ఈ ఉత్తరం చదివాక నేను కుళ్ళుకున్నాను, నారింజ తోటంతా పుల్లబడేంత. మా ఆయన మంచివాడే. కానీ నా కోసం దొంగనని చెప్పుకునేంత పని ఎప్పుడూ చెయ్యలేదు. నేనూ ఆయన కోసం చెయ్యలేదు.

ఆయనకు నేనేమీ చెప్పను. ఇంజిన్‌లో ఏదో వింత చప్పుడు వస్తోంది, గురువుగారు వచ్చి వినకపోతే అమ్మేస్తానని చెప్పు. చప్పుడేమీ లేదు, నాకూ అబద్ధాలు వచ్చు. మా నారింజల షెడ్డు వెనక గోడ కట్టిన పెద్ద ఖాళీ స్థలం ఉంది. గేటు వేసుకుంటే అది రోడ్డు కాదు, ఏ పోలీసుకూ పని లేదు. గోడలు నావే, గీరుకున్నా తోఫు కొట్టువాడు రాడు. ఆయన్నే నడపనిద్దాం.

ఇద్దరూ రండి.

కినుయో

*

ముకైనద, ఉత్తరం కాదు, కార్డు ముక్క

ప్రియమైన కినుయోకి,

సీటు సంగతి ఎవరికీ చెప్పకు. నా ఎత్తు సంగతి కూడా.

ఆ పొద్దున్న నేను చేసింది ఒక్కటే, కిటికీ దగ్గర నిలబడడం. పాత ఫ్యాక్టరీ చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. రెండు బారలు నడిపి, ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. పెళ్ళినాడు నా పక్కన కూడా అంత సంతోషంగా కూర్చోలేదు. ఉన్నట్టుండి గుర్తొచ్చినట్టుంది, తలుపు తీశాడు. ఆ మొహం చూశాక, నీ మీద ఉన్న కుళ్ళు ఎటు పోయిందో నాకే తెలియలేదు.

నీ వింత చప్పుడు మాట చెప్పాను. రాత్రి అన్నం దగ్గర, "ఎలాంటి చప్పుడట? వేడెక్కాకనా, ముందా?" అని అడిగాడు. మూడు ప్రశ్నలు వేశాడు. కాస్త ఎక్కువే వడ్డించాను.

ఆదివారం వస్తున్నాం. స్వెట్టరు ఉతికాను. అన్నం ముద్దలు నేనే చుట్టి తెస్తాను.

కారు నీదే, కాదనను. కానీ మా ఆయన నడుపుతుంటే ముందు సీటులో నేను కూర్చుంటాను. పిల్లికి సరిపోయే ఆ వెనక సీటు నీకు. మోకాళ్ళ పట్టీలు వేసుకుని రా.

ఇంజిన్ బాగా వేడెక్కే దాకా ఆయనను ఆపనివ్వను. ఆ తర్వాత కూడా ఆపమని నేను చెప్పను.

మిసావో