రెండు చేతులు చాలని గలీబు

అక్కకి, నీ తమ్ముడు వెంకటేశు దణ్ణం పెట్టి రాస్తున్నాడు. నేను బాగున్నాను. నువ్వూ పిల్లలూ బాగున్నారనే అనుకుంటున్నాను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావ ఎలా ఉన్నాడు? మీ ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ బావ జేబులోనే ఉంటుంది, నా నంబరు చూడగానే కట్ చేస్తాడు. అందుకే అవనిగడ్డ అతనొకడు సెలవు మీద వస్తుంటే ఈ ఉత్తరం రాసి పంపుతున్నాను. బావ ఇంట్లో ఉన్నప్పుడే కాస్త గట్టిగా చదువు. ఉత్తరాన్ని కట్ చేయలేడుగా.

పోయిన నెల నువ్వు పక్కింటి ఫోన్ నుంచి చేసి ఒక మాటన్నావు. "పడవలో నీ చోట ఇంకెవర్నీ ఎక్కించుకోనంటన్నాడ్రా మీ బావ. ఒక్కడే ఏటకెల్తన్నాడు." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. ఇద్దరు లాగే వల అది. బందరు రేవులో తుఫాను హెచ్చరిక వేశారా అని రోజూ ఫోన్లో చూసుకుంటున్నాను.

ఇక్కడ పోలండులో ఇప్పుడు మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడిపోతుంది. చలికి చెవులు ఉన్నాయో లేవో తడుముకుని చూసుకోవాలి. సముద్రం వదిలించుకుందామని ఇంత దూరం వచ్చానా, తీరా ఇక్కడా చేపలే. కాకపోతే పట్టే పని లేదు. ఎక్కడో పెంచినవి ఐసులో వస్తాయి, నిలబడి వాటి ముళ్ళు పీకాలి. చేపల పులుసు ఒక్కసారే పెట్టాను. కింద ఇంటావిడ వచ్చి వాసనంటూ తలుపు బాదింది. అప్పటి నుంచి పప్పు, గుడ్లు. నువ్విచ్చిన ఆవకాయ ఆదివారాలకి దాచుకుంటున్నాను. దిగులు పడకు, బాగానే తింటున్నాను.

రూములో ఇద్దరం ఉంటాం. రెండోవాడు బిష్ణు అని నేపాల్ మనిషి. నాది పొద్దుటి షిఫ్టు, అతనిది సాయంత్రం. నేను వచ్చేసరికి అతను వెళ్ళిపోతాడు, అతను వచ్చేసరికి నేను నిద్రపోతుంటాను. ఆదివారం ఏదో హోటల్లో గిన్నెలు కడగడానికి పోతాడు. ఆరు నెలల్లో ఒక్క పూట కలిసి అన్నం తిన్నది లేదు. అతని చెప్పులు చూసే ఉన్నాడో లేడో తెలుసుకుంటాను. వారం రోజులు గడిచినా నోట్లోంచి ఒక్క తెలుగు మాట రాదు. ముళ్ళు పీకేటప్పుడు చేపలతో మాట్లాడుతున్నాను. నవ్వుకుంటే నవ్వుకో, నిజమే.

ఇక్కడ రజాయిని దిండులాగా గలీబులో పెట్టి కప్పుకుంటారు. కంపెనీ వాళ్ళిచ్చిన గలీబు చిరిగిపోయింది. కొత్తది కొనొచ్చు గానీ, ఆదివారం ఎలా గడపాలో తెలియక రెండు పాత దుప్పట్లు తెచ్చి నేనే కుట్టడం మొదలుపెట్టాను. "మగాడివి, కుట్టుపనేంటి?" అని ఫ్యాక్టరీలో ఒకడు నవ్వాడు. మా ఊళ్ళో మగాళ్ళంతా కూర్చుని కుట్టేవాళ్ళేనని చెప్పాను. వలలని మాత్రం చెప్పలేదు.

రజాయిని బారలూ జానలూ వేసి కొలిచి, సరిగ్గా అంతకే కుట్టేశాను. కుట్టులోకి కొంత గుడ్డ పోతుందని వల కుట్టేవాడికేం తెలుసు? రజాయి దూరలేదు. విప్పుదామంటే, ఒకచోట తెగితే మిగతాది ఊడిపోకుండా నాలుగు కుట్లకొక వలముడి వేసుకుంటూ పోయాను. బావ నేర్పిన ముడే. దాన్ని విప్పడం ఎవడి తరం? బ్లేడుతో కోసేసరికి ఒక ఆదివారం గడిచిపోయింది. మళ్ళీ పక్కన పట్టీ అతికి, కాళ్ళవైపు నోరు వదిలి, నాడాలు పెట్టి, పోయిన ఆదివారానికి పూర్తి చేశాను. కుట్టు వంకరగానే ఉంది.

కుట్టడం కన్నా రజాయిని లోపల పెట్టడమే కష్టమని అప్పుడు తెలిసింది. ఒక మూల పట్టుకుంటే రెండోది జారిపోతుంది. విదిలిస్తే అంతా ముద్దయి ఒక పక్కకి చేరుతుంది. చివరికి రజాయి మూలలు రెండు చేతుల్లో పట్టుకుని, తలతో సహా నేనే గలీబులోకి దూరాను. పై మూలలు అందాయి. కానీ వదిలితే మళ్ళీ జారుతుంది. వదలకపోతే బయటికి రాలేను. బయట పట్టుకునేవాళ్ళు లేరు. ఆ గుడ్డలో అలాగే నిలబడి ఏడ్చానక్కా. బావ ఒక్కడే వల లాగుతూ కళ్ళ ముందు మెదిలాడు. వెక్కి వెక్కి ఏడ్చాను.

ఇంతలో తలుపు తీసిన చప్పుడైంది. ఆ రోజు హోటల్లో పని తొందరగా అయిపోయి బిష్ణు వచ్చేశాడు. గది మధ్యలో నిలబడి ఏడుస్తున్న గుడ్డని చూసి కెవ్వుమని అరిచాడు. "నేనే, నేనే" అని లోపలి నుంచి నేనూ అరిచాను. తర్వాత గలీబు మీద నుంచే నా చేతుల పక్కన రెండు చేతులు పడ్డాయి. "నేను పట్టుకున్నాను, నువ్వు బయటికి రా" అన్నాడు హిందీలో. ఇద్దరం చెరో వైపు పట్టుకుని రెండుసార్లు విదిలించాం, చక్కగా సర్దుకుంది. ఎందుకేడ్చావని అతను అడగలేదు. ఆవకాయ అన్నం పెట్టాను. ఈసారి వంతు అతనిది, కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూ తిన్నాడు. వచ్చే ఏడు కాస్త కారం తగ్గించి పెట్టక్కా.

ఇక బావకి చెప్పాల్సింది. బావా, వింటున్నావా? వీసా చేతికి వచ్చేదాకా నీకు చెప్పకపోవడం నాదే తప్పు. చెబితే వెళ్ళనివ్వవని భయపడ్డాను. ఇంకా ఏడాదిన్నర నేను రాలేను. కోపముంటే వచ్చాక నన్ను కొట్టు, అంతేగానీ పడవ మీద ఒక్కడివే వెళ్ళి తీర్చుకోకు. బిష్ణు నాకేమవుతాడు? ఏమీ కాడు. అయినా పట్టుకున్నాడు. నా చోటు నాకోసం ఖాళీగా ఉంచొద్దు, ఎవరినైనా ఎక్కించుకో.

పెద్దవాళ్ళందరికీ నా దణ్ణాలు చెప్పు అక్కా. పిల్లల్ని ముద్దు పెట్టుకున్నానని చెప్పు. నన్ను చల్లగా ఉండమని దీవించు. ఉత్తరం అందగానే జవాబు రాయి. నా చోట ఎవర్ని ఎక్కించుకున్నాడో మాత్రం రాయొద్దు. ఎక్కించుకున్నాడని రాస్తే చాలు.

ఇట్లు,
నీ తమ్ముడు
వెంకటేశు