తొంభై ఏడు డిగ్రీలు

జూన్ 3, మంగళవారం

మా ఆవిడ కంప్యూటర్ ఇవాళ మూడుసార్లు ఆగిపోయింది. కట్టబోయే ఇళ్లను ముందే స్క్రీన్ మీద కట్టేసి, గది గదికీ తిప్పి చూపించే వీడియోలు చేయడం ఆమె పని. ఒక్కో వీడియో తయారవాలంటే మిషన్ ఆరేడు గంటలు ఆగకుండా నడవాలి. ఇదేమో అరగంటకే తొంభై ఏడు డిగ్రీలకు వేడెక్కి టప్పున ఆరిపోతోంది. కొత్త బిల్డరుకి ఇరవయ్యో తారీకు లోపల పని ఇచ్చెయ్యాలట. కాస్త చూడవూ అంది. ఆదివారం చూస్తానన్నాను. పోయిన రెండు ఆదివారాలూ ఇదే మాట చెప్పానట.

ఆఫీసులో రెండొందల కంప్యూటర్లు నేనే చూసుకోవాలి. ఇంటికొచ్చి మళ్లీ స్క్రూడ్రైవర్ పట్టాలంటే ప్రాణం ఉసూరుమంటుంది.

జూన్ 5, గురువారం

మెకానిక్‌ని పిలిపించింది. నేనుండగా! మా వీధి అవతలి చివర కొత్తగా దుకాణం పెట్టాడే, అతన్ని. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అన్నారా?

నేనొచ్చేసరికి సింకులో రెండు టీ కప్పులున్నాయి. ఏమన్నాడని అడిగాను. విప్పి చూశాడు, మళ్లీ రావాలన్నాడు అంది. అంతే చెప్పింది. అంతకు మించి అడిగితే నాకే చిన్నతనం.

జూన్ 6, శుక్రవారం, ఉదయం 11.20, ఆఫీసు

పని సాగడం లేదు. రాసేస్తే పోతుందేమో.

పదకొండేళ్ల కిందట, పెళ్లికి ముందు, నేను ఇంటింటికీ తిరిగి రిపేర్లు చేసే రోజుల్లో మా ఆవిడ వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల కంప్యూటర్‌లో ఫ్యాన్ వైరు వదులైంది, అంతకు మించి ఏమీ లేదు. రెండు నిమిషాల పని. తలుపు తీసింది ఆమె కాకపోయుంటే రెండు నిమిషాల్లోనే చేసి వచ్చేసేవాణ్ణి. ఒకరోజు పార్టు దొరకలేదన్నాను. ఇంకోరోజు దొరికిన పార్టు సరిపోలేదన్నాను. మూడోసారి వాళ్ల నాన్నే, ఎంత ఓపికో ఈ అబ్బాయికి అని మెచ్చుకున్నాడు. నాలుగోసారికి ఆమె ఫోన్ నంబరు దొరికింది. ఈ సంగతి ఆమెకి ఇప్పటిదాకా చెప్పలేదు.

అలాంటి నా దగ్గర, మళ్లీ రావాలట! గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది నా వ్యవహారం. తెలుసు. అయినా కడుపు మండుతోంది.

జూన్ 8, ఆదివారం

మిషన్ ముట్టుకోలేదు. మెకానిక్ ఉన్నాడుగా.

జూన్ 10, మంగళవారం

నిన్న అతను రెండోసారి వచ్చాడు. ఇవాళ్టి నుంచి ఆమే మధ్యాహ్నం పూట అతని దుకాణానికి వెళ్లి, అక్కడి మిషన్ మీద పని చేసుకుంటుందట. అది యాభై ఎనిమిది డిగ్రీలు దాటదట. దుకాణంలో ఏసీ ఉందట. తెలియనిది అడిగితే విసుక్కోడట, ఎంతో ఓపికగా చెప్తాడట.

ఓపికస్తుడన్న ఆ పేరు ఒకప్పుడు నాది.

జూన్ 12, గురువారం

సగం రోజు సెలవు పెట్టి ఆ దుకాణం ముందు నుంచి రెండుసార్లు నడిచాను. ఇంటికి వెళ్లడానికి అది దారి కూడా కాదు. అద్దంలోంచి కనిపించారు. ఆమె స్క్రీన్ వైపు చూసి నవ్వుతోంది. నేను ఇంట్లో ఉండగా ఆ మిషన్ ముందు ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు.

అతనికి బట్టతల. నాకంటే నాలుగైదేళ్లు పెద్దే ఉంటాడు. హమ్మయ్య అనుకున్నాను. కానీ చొక్కా ఇస్త్రీ చేసుంది.

జూన్ 15, ఆదివారం

పరువు పోయింది. వరసగా రాస్తాను.

పొద్దున ఆవిడ స్నానానికి వెళ్లగానే కంప్యూటర్ మూత విప్పాను. అతని తప్పు ఒక్కటైనా దొరకాలి, ఆమెకు చూపించాలి. మనసులో ఉన్నది అంతే. కూలర్ ఊడదీశాను. ప్రాసెసర్ మీద కూర్చుని దాని వేడి లాగేది ఇదే. అడుగున రాగి పలక ఉంటుంది. కొత్త కూలర్‌కి ఆ పలక మీద పల్చటి ప్లాస్టిక్ అంటించి వస్తుంది. అది పీకేసి బిగించాలి. పీకకపోతే వేడి పైకి పోదు.

పీకలేదు. ప్లాస్టిక్ అలాగే ఉంది.

ఆ కూలర్ బిగించింది నేను. పోయిన నెల, పాతది గోల చేస్తోందని. పక్కన బావమరిది నిలబడి చూస్తుంటే, ఈ పని ఎలా చెయ్యాలో అతనికి పాఠం చెబుతూ బిగించాను. పాఠంలో పడి ప్లాస్టిక్ మర్చిపోయాను. మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లకి నేను మొట్టమొదట చెప్పేది అదే, ప్లాస్టిక్ పీకారా అని.

కానీ కూలర్ విప్పినప్పుడల్లా ప్రాసెసర్ మీద కొత్తగా పూయాల్సిన పేస్టు తాజాగా ఉంది, నీటుగా పూసి ఉంది. అంటే అతను కూలర్ విప్పాడు. ప్లాస్టిక్ చూశాడు. చూసి అలాగే బిగించాడు! ఎందుకు బిగిస్తాడో నాకంటే బాగా ఎవరికి తెలుసు? దొరికాడు అనుకున్నాను. సంతోషం పట్టలేకపోయాను.

ఆమె తల తుడుచుకుంటూ వచ్చింది. ప్లాస్టిక్ చూపించి, ఇది నీ మెకానిక్ అంటించిందే, మళ్లీ మళ్లీ రావడానికి వేసిన ఎత్తు అన్నాను. అంత అబద్ధం అంత గట్టిగా ఎలా అన్నానో నాకే తెలియదు.

ఆమె గొంతు పెంచలేదు. అతను మొదటి రోజే అది తనకు చూపించాడంది. పీకబోతుంటే వద్దని ఆపింది తానేనట. ఉన్నది ఉన్నట్టు బిగించెయ్యండి, మా ఆయన ఆదివారం చూస్తానన్నారు, ఆయనే కనిపెట్టి ఆయనే తీస్తారు అని చెప్పిందట. మా తమ్ముడి ముందు అంత గొప్పగా బిగించావు కదా, బయటివాడు తప్పు పట్టాడంటే నువ్వు తట్టుకోలేవు అంది. రెండోసారి అతను వచ్చింది ఫైళ్లు కాపీ చేసుకోవడానికట. పని ఆగకూడదనే ఆ దుకాణానికి వెళ్తోందట.

అంతా చెప్పి, నిజంగా అతనే అంటించాడా అని అడిగింది.

దొంగకు తేలు కుట్టినట్టయింది. కాదు, నేనే అన్నాను. పదకొండేళ్ల నాటిది కూడా చెప్పేద్దామనుకున్నాను. చెప్పకుండా ప్లాస్టిక్ పీకేశాను. ఆమె తువ్వాలు ఆరేయడానికి వెళ్లిపోయింది.

జూన్ 16, సోమవారం

ప్లాస్టిక్ పీకేశాక అరవై ఒకటి. రెండు గంటలు నడిచినా దాటలేదు. ఇక దుకాణానికి వెళ్లక్కర్లేదంది. సంతోషించాలి కదా.

నా పరువు కాపాడటానికి వాళ్లిద్దరూ ఒక్కటయ్యారు. నాకు తెలియకుండా. కప్పు టీ తాగుతూ నా గురించి జాలిగా, నెమ్మదిగా మాట్లాడుకుని ఉంటారు. దాని బదులు నన్ను తిట్టుకున్నా ఇంత మండేది కాదు.

జూన్ 20, శుక్రవారం

టైముకి ఇచ్చేసింది. బిల్డరు ఇంకో రెండు ఇళ్ల పని ఇచ్చాడట. నాకు మాత్రం సాయంత్రం ఇంటికొచ్చాకే చెప్పింది.

జూన్ 21, శనివారం

ఆఫీసులో పక్కన పడేసిన మిషన్ ఒకటి పట్టుకుని అతని దుకాణానికి వెళ్లాను. దాని కూలర్ కింద ప్లాస్టిక్ ముందే నేనే పెట్టాను, ఆ సంగతి అతనికి చెప్పలేదు. ఆవిడ భర్తనని చెప్పి, వేడెక్కుతోంది, చూడండి అన్నాను. నా తప్పు నా మొహం మీద చెప్తాడా లేదా, తేల్చుకోవాలి. అతను లోపలికి తీసుకెళ్లి పావుగంటలో తెచ్చిచ్చాడు. దుమ్ము పట్టిందండీ, తుడిచేశాను, అంతే అన్నాడు.

ఇంటికి తెచ్చి విప్పి చూశాను. ప్లాస్టిక్ లేదు.

పక్కగదిలో ఆవిడ ఫోన్‌లో మాట్లాడుతూ నవ్వుతోంది. ఎవరితోనని అడగలేదు.