మూడో అంతస్తు కుర్చీ

సెక్రటరీ గారికి,

మెట్ల దగ్గర నా కుర్చీ దారికి అడ్డంగా ఉందని, వెంటనే తీసేయమని మీరు పంపిన నోటీసు అందింది. అదెందుకు వేశానో మీకు చెప్పాలి.

లిఫ్టు పాడైన రోజుల్లో పైవాళ్లంతా సరిగ్గా మా గుమ్మం ముందుకొచ్చేసరికి ఆయాసంతో ఆగిపోయేవారు. పాపమనిపించి కుర్చీ వేశాను. ఐదో అంతస్తు నర్సు అమ్మాయి "పిన్నిగారూ, కాసిని మంచినీళ్లు" అంటూ కూలబడి, వాళ్ల అత్తగారి కథంతా చెప్పి గానీ లేచేది కాదు. లెక్కల మాస్టారైతే ఆయాసం తీరాక కూడా కూర్చునేవారు.

వాళ్ల అవస్థ చూడలేక, లిఫ్టు బాగుచేయించమని మీ ప్రాణం తోడేసింది నేనే. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను. ఇప్పుడందరూ మా గుమ్మం పక్కనుంచే సర్రున పైకి వెళ్లిపోతున్నారు. లిఫ్టు ఆపేయమని మాత్రం అడగను. మాస్టారి మోకాళ్ల సంగతి నాకు తెలుసు.

కుర్చీ తీసేస్తాను. ప్లాస్టిక్‌దే అయినా, లోపలికి తేవడం నా ఒక్కదాని వల్ల కాదు. వాచ్‌మన్‌ని పంపకండి, అతను మాట్లాడడు. మీరే రండి.

వీలైతే మెట్లెక్కి రండి.

మూడో అంతస్తు పిన్నిగారు